మెంతుల మజ్జిగ

పంతొమ్మిదో నంబరు లోపలికి పోయింది. మాది ముప్పై ఒకటి. మధ్యలో ఉన్నవాళ్ళకు మనిషికి అయిదు నిమిషాలు వేసుకున్నా గంట, ఆ గంటసేపూ ఈ ఇనుప కుర్చీలో కూర్చుని ఎదురు గోడ మీది బొమ్మను చూడాలి. మనిషి గుండెను నిలువునా కోసి రంగులు వేసి, దాని కింద ఉప్పు తగ్గించండి, కోపం తగ్గించండి అని రాశారు. రాసిన వాడెవడో గాని వాడికి పెళ్ళి కాలేదు. నా పక్కన మా ఆయన వెంకట్రాజం గడ్డం గుండెల మీద వాల్చి కునుకుతున్నాడు, పట్టపగలు పదిన్నరకు. ఆటోలో కూడా అంతే, కొత్తవాడలో ఎక్కి పోచమ్మ మైదాన్ దాటక ముందే నిద్రపోయాడు, ములుగు రోడ్డు సిగ్నల్ దగ్గర పిక్క పట్టేసి కెవ్వుమంటే ఆటో అతను ఉలిక్కిపడి బ్రేకు వేశాడు. నేను వంగి ఆ కాలును ఒళ్ళోకి లాక్కుని పిసికాను, చేత్తో పిసుకుతూ నోటితో తిట్టాను, నాకు ఈ మధ్య రెండూ కలిసే వస్తున్నాయి. ఇప్పుడు నా ఒళ్ళో చేతిసంచి ఉంది, సంచిలో డాక్టరు రాసిన పాత చీటీలు, నిన్నటి రక్తపరీక్ష కాగితం, గుడ్డలో చుట్టిన ఒక సీసా. సీసా తెచ్చానని ఆయనకు తెలియదు. డాక్టరు ముందు దాన్ని బయటికి తీయాలా వద్దా అన్నది ఈ గంటలో తేల్చుకోవాలి. తీయకపోతే ఆయన కాళ్ళు పోతాయి. తీస్తే ఇరవై తొమ్మిదేళ్ళుగా నా చేతి కూడు తిన్న మనిషి ఇక నా చేతి మంచినీళ్ళు కూడా తాగడు.

ఎవరో పిల్ల ఏడుస్తోంది, సిస్టరు సప్పుడు చెయ్యకండి అని అరుస్తోంది, ఆమె అరుపే అందరికంటే పెద్దగా ఉంది. ఈ సప్పుడుకు కూడా ఈయన లేవడం లేదు. ఈ మనిషేనా తెల్లవారి అయిదింటికే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి, టీ తెచ్చేసరికి జానెడు నేసి పెట్టే మనిషి? మాది వెడల్పు మగ్గం, జంపఖానాలు నేసేది, ఇద్దరం పక్కపక్కన కూర్చోవాలి, ఎడమ పక్క నేను, కుడి పక్క ఆయన. పోగును మోసే నాడె నా చేతి నుంచి ఆయన చేతికి, ఆయన చేతి నుంచి నా చేతికి వస్తూ పోతూ ఉంటుంది. కింద ఇద్దరి కాళ్ళూ ఒక్కసారే తొక్కాలి, ఒకరు ముందు, ఒకరు వెనక అయితే పోగు తెగుతుంది. పెళ్ళయిన కొత్తలో నా కాలు ఆయన కాలుతో కలిసేది కాదు, ఆయన నోటితో లెక్క పెట్టేవాడు, ఒకటి, రెండు, ఒకటి, రెండు, నాకు సిగ్గుతో నవ్వు వచ్చేది. తర్వాత లెక్క అక్కర్లేకుండా పోయింది, కొట్లాడుకున్న రోజుల్లో కూడా, మాటలు బంద్ అయిన రోజుల్లో కూడా కాళ్ళు మాత్రం కలిసే తొక్కేవి. మా కాపురంలో ఎన్నడూ తప్పనిది అదొక్కటే. అట్లాంటిది పోయిన చలికాలంలో మొదటిసారి తప్పింది. నా కాలు కిందికి పోయింది, ఆయన కాలు పోలేదు, చూస్తే పిక్క రాయిలా గట్టిపడి ముడి కట్టింది, బొటనవేలు పైకి లేచి వంకర తిరిగింది. ఆయన పళ్ళు బిగించి గుంట గట్టును పట్టుకుని నొప్పి వదిలేదాకా నన్నే చూస్తూ ఉన్నాడు.

ఇరవై రెండో నంబరును పిలిచారు. ఆ తర్వాత వారానికొకసారి, ఆ తర్వాత రోజూ పిక్క పట్టేసేది. బలహీనత అన్నారు, చల్లనేల అన్నారు, వయసు అన్నారు, యాభై ఏడు కూడా ఒక వయసేనా? ఆవాలనూనె కాచి రాశాను, ఇటుక వేడిచేసి కాపడం పెట్టాను. మనిషి మగ్గం దగ్గరికి రావడమే తగ్గించాడు, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకోవడం, పిలిస్తే ఊఁ అనడం, తిన్నావా అంటే ఊఁ, ఇల్లు కాలిపోతోంది అన్నా ఊఁ అనేట్టున్నాడు. ఎప్పుడూ ముక్కు దిబ్బడ, నోటితో గాలి పీల్చుకోవడం. హైదరాబాదు నుంచి పెద్ద జంపఖానా ఒకటి ఒప్పుకున్నాం, పండుగలోపు దించాలి, సగంలో ఆగింది. పోయిన సోమవారం నా ఒళ్ళు మండింది. ఆయన మంచం పక్కన నిలబడి నోటికి వచ్చినన్ని అన్నాను. కాళ్ళు గుంజేది మగ్గం కాడనేనా, తినేటప్పుడు గుంజయా, నీకు పని చేతగాదని చెప్పు, నీ జాగల రాజమౌళిని కూసోబెట్టుకుంట, నువ్వు గోడ మొఖం జూసుకుంట పండుకో. ఇంకొక మగవాడిని, అది వెనక వీధి రాజమౌళి అయినా సరే, ఆ కుడి పక్కన కూర్చోబెడతానని నేను అన్నాను. ఆయన తిరిగి తిట్టలేదు. తిడితే నాకు తిక్క దిగేది. గోడ వైపే ఉండి "కూసోబెట్టుకో" అన్నాడు, భుజం కదులుతోంది, ఏడుస్తున్నాడని నాకు తెలిసింది, తెలిసి కూడా నేను పోయి రాజమౌళికి కబురు పెట్టాను. రేపటి నుంచి అతను వస్తాడు.

ఇదంతా ఎక్కడ మొదలయిందంటే మా బావగారి దగ్గర. ఈయన అన్న. మగ్గం మీదే కూలబడ్డాడు, ఎడమ పక్క పడిపోయింది, నోరు వంకర పోయింది, పదకొండు రోజులు కళ్ళు తెరిచి చూస్తూ పోయాడు, బీపీ అన్నారు. ఆ ఏడే మా వాడకట్టులో క్యాంపు పెడితే ఈయనకు పట్టీ చుట్టి చూసి నూటా డెబ్బై అన్నారు, గోలీలు రాసిచ్చారు. ఇరవై రోజులు మింగాడు, తర్వాత పొట్లం తీసుకుపోయి మురుగు మోరీలో వేశాడు. ఎందుకయ్యా అంటే "షురూ జేస్తే సచ్చేదాక మింగాలె, నాకేమన్న రోగమా? ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఫికర్ చెయ్యకట! అన్న కళ్ళు తెరుచుకుని ఎట్లా పోయాడో చూసి వచ్చిన మనిషి అనే మాట అది. పక్కన కూర్చుని నేస్తూ నేను రోజూ ఆయన నోటి వైపు చూసేదాన్ని, వంకర పోతోందా అని, నాడె అందుకోవడం ఒక్క క్షణం ఆలస్యమైతే నా ప్రాణం పోయేది. అడిగాను, బతిమాలాను, అలిగాను, వినలేదు. అప్పుడు మా తొర్రూరు అన్న ఉప్పలయ్య, మా పెద్దనాన్న కొడుకు, ఒక పొడి తెచ్చిచ్చాడు, సర్పగంధ వేరు దంచిన పొడి. "చెట్టు మందు చెల్లె, పరేషాన్ గాకు, ఇంగ్లీషు మందు లెక్క సైడ్ ఎఫెక్టులు గిట్ల ఉండయి, మా అత్త ఏండ్ల సంది తాగుతాంది" అన్నాడు. చెట్టు మందు అన్నాక ఇంకేం కావాలి, చెట్టు అబద్ధం ఆడుతుందా? ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే నా అన్నను చెంప మీద కొట్టాలని ఉంది, కొట్టి ఆ తర్వాత నన్ను నేను కొట్టుకోవాలని ఉంది. చంపే గన్నేరు కూడా చెట్టే కాదా? అంత మాత్రం తెలియని దాన్నా నేను?

తెలుసు, కాని తెలుసుకోదలచలేదు. ఆ పొడి కటిక చేదు, ఎందులో కలిపినా తెలిసిపోతుంది. అందుకని మెంతులని చెప్పాను. మెంతిపొడి మజ్జిగలో కలిపి పరగడుపున తాగితే కాళ్ళల్లో బలం వస్తుందట, మోకాళ్ళు అరగవట, మగ్గం మీద ఇంకో ఇరవై ఏళ్ళు కూర్చోవచ్చట, అని నేనే కల్పించాను, పోస్తూ పోస్తూ చెప్పాను. మందంటే మోరీలో పోసే మనిషి, నేను మెంతులంటే గ్లాసు ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని, "మస్తు చేదున్నయే నీ మెంతులు" అని గ్లాసు చేతికిచ్చేవాడు. పదకొండు నెలలు. రెండో నెలలో జ్వరానికి ఇక్కడికే వస్తే ఈ డాక్టరే పట్టీ చుట్టి నూటా ఇరవై, పిల్లగాని లెక్క ఉన్నది నీ బీపీ, అన్నాడు. ఆయన నా వైపు తిరిగి చూసినవా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు, గోలీలు మానేసి తాను గెలిచానని ఆయన అనుకున్నాడు, గెలిచింది నేనని నేను అనుకున్నాను. ఆ రోజు ఇంటికి పోతూ మిర్చీబజ్జీలు కట్టించుకుని తిన్నాం. అంత సంతోషం నాకు మా ఇంటి స్లాబు పడ్డ రోజు కూడా లేదు.

ఇరవై ఆరు. పాదాలు ఉబ్బితే మళ్ళీ ఇక్కడికే తెచ్చాను, అప్పుడు డాక్టరు అడిగాడు, ఆయన్నే అడిగాడు, ఏమన్నా మందులు వాడుతున్నవా అని. ఏం లేవు సార్ అన్నాడు ఈయన, రొమ్ము విరుచుకుని. నేను పక్కనే ఉన్నాను, రోజూ ఆయన నోట్లోకి పోయేది ఏదో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే, నన్ను ఎవ్వడూ అడగడు, నాకు కుర్చీ కూడా వేయరు, గోడకు చేరవేసిన గొడుగులాగా నిలబడి ఉంటాను. అడగలేదు, నేను చెప్పలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదేమో, ఎందుకంటే నా లెక్కలో కూడా అది మందు కాదు, మందంటే గోలీ, సూది, సీసాలో ఎర్రటి నీళ్ళు, వంటింట్లో పసుపు డబ్బా పక్కన ఉన్నది మందెట్లా అవుతుంది? మా వాడలో ఏ ఇంట్లో అడిగినా ఇదే చెబుతారు, అల్మారాలో నాలుగు రకాల చూర్ణాలు పెట్టుకుని మందులేం లేవు సార్ అంటారు. డాక్టరు ఉబ్బు తగ్గడానికి నీళ్ళ గోలీ రాశాడు, ఒంట్లో నీరు పోతుందని. నీరు పోయింది, దాంతో ఇంకేం పోయిందో, పిక్కలు ఇంకా ఘోరంగా పట్టేయడం మొదలయింది. అప్పుడు ఈయన ఒకరోజు గ్లాసు అందుకుంటూ అన్నాడు, "రెండు చెంచాలెయ్యే, కాళ్ళు బాగ గుంజుతానయి, జల్ది మగ్గం ఎక్కాలె" అని. నేను చెప్పిన అబద్ధాన్నే నమ్మి, నేను చెప్పిన బలం కోసమే. నేను వేశాను. ఒక్క క్షణం చెంచా ఆగింది, అయినా వేశాను, చెట్టు మందే కదా అనుకుని.

నిన్న మా చెల్లెలి బిడ్డ కావ్య వచ్చింది, ఫార్మసీ చదువుతోంది, వంటింట్లోకి వచ్చి ఇదేంది పెద్దమ్మా అని సీసా మూత తీసి వాసన చూసింది. పేరు చెప్పగానే దాని మొహం మారింది. "దీంట్ల నుంచే ఎన్కట బీపీ గోలీ జేసిండ్రు పెద్దమ్మా, గిది గూడ మందే. ఇప్పుడు ఎక్కువ రాస్తలేరు. కొందరికి ముక్కు బంద్ అయితది, నిద్రొస్తది, కాళ్ళు ఉబ్బుతయి, పిక్కలు గుంజుతయి. కొందరికైతే మనసు బాగ కుంగిపోతది, ఉత్తగనే ఏడుస్తరు. పెద్దబాపుకు ఎన్ని చెంచాలిస్తానవ్?"  పొయ్యి మీద కూర మాడింది. ఆ పిల్ల ఒక్కొక్కటి చెబుతుంటే నాకు మంచం కనబడింది, గోడ కనబడింది, కదిలే భుజం కనబడింది. పని చేతగాదని చెప్పు అన్న నా నోరు కనబడింది. ఆ మనిషిని మంచాన పడేసింది నేను, పడేసి నిలబడి తిట్టింది నేను. మగ్గం మీద ఉంటే చస్తాడేమోనని భయపడి మగ్గమే ఎక్కకుండా చేశాను. నాకు ఎవరి మీదన్నా పడి అరవాలనిపించింది, ఉప్పలయ్యకు ఫోన్ చేశాను, నాలుగు దులిపాను, "నేను నీ మంచికే ఇచ్చిన చెల్లె" అన్నాడు, మంచికే, అందరం మంచికే, కోపం చల్లారలేదు. పడుకునే ముందు సీసాను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాను, డాక్టరుకు చూపిద్దామని. ఇంతవరకు బాగానే ఉంది. పొద్దున లేచాను, మొహం కడిగాను, మజ్జిగ చిలికాను, ఆయన చెయ్యి చాచాడు, ఇచ్చాను. గ్లాసు ఖాళీ అయ్యాక చూశాను, సంచిలోంచి తీసిన సీసా గట్టు మీద మూత లేకుండా ఉంది, గ్లాసులో చెంచా ఉంది. నా చెయ్యే తీసింది, నా చెయ్యే కలిపింది, అలవాటు పడ్డ చెయ్యి నన్ను అడగలేదు. ఈ చేతిని ఏం చేయాలి, ఇదిగో ఒళ్ళో ఉంది, సంచిని పట్టుకుని ఏమీ తెలియనట్టు.

ముప్పై ఒకటి అని సిస్టరు రెండుసార్లు అరిచింది. ఆయన్ని లేపాను, నా భుజం మీద చెయ్యి వేసుకుని కుంటుతూ లోపలికి వచ్చాడు, నేను మళ్ళీ గోడకు నిలబడ్డాను. డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి మొహం చిట్లించాడు. ఒంట్లో పొటాషియం బాగా పడిపోయిందన్నాడు, బీపీ చూసి ఇది కూడా మరీ కిందికి ఉందన్నాడు, ఇంత ఎందుకుందో అర్థమైతలేదు, నరాల డాక్టరుకు రాస్తా అని కలం అందుకున్నాడు.

"నేనిచ్చిన నీళ్ళ గోలీ గాక ఇంకేమన్న వాడుతున్నవా పెద్దాయన?"

"ఏం లేవు సార్. ఒట్టి మెంతులు. మా ఇంటామె పొద్దుగాల మజ్జిగల కలిపిస్తది, కాళ్ళకు బలమని. గంతే."

డాక్టరు రాయబోతూ కలం కాగితం మీద పెట్టాడు. ఈయన మెంతులు అన్నప్పుడు గొంతులో ఎంత నమ్మకమంటే, నాకు దాని మీదే కోపం వచ్చింది, ఇంతగా ఎవడు నమ్మమన్నాడు నిన్ను, ఒక్కసారన్నా వాసన చూడొద్దా, ఏం పోస్తానవే అని ఒక్కసారన్నా అడగొద్దా?

"అవి మెంతులు గాదు సార్" అన్నాను, సీసా తీసి బల్ల మీద పెట్టాను. "సర్పగంధ. బీపీకి. గోలీలిస్తే మోరీల వేసిండు, పదకొండు నెలల సంది ఇదే పోస్తాన. ఈయనకు తెల్వదు."

డాక్టరు సీసాను చూశాడు, నన్ను చూశాడు, మొదటిసారి నన్ను చూశాడు. ఎన్ని చెంచాలమ్మా అని అడిగాడు. ముందు ఒకటి, మొన్నటి సంది రెండు అన్నాను. చివరిసారి ఎప్పుడు అన్నాడు. ఇయ్యాల పొద్దుగాల అన్నాను. ఇక డాక్టరు అందుకున్నాడు, వచ్చినప్పుడల్లా మనిషి బీపీ తక్కువుంటే తగ్గిందని సంబరపడ్డామే గాని ఎందుకు తగ్గిందో చూడలేదు, మీరు చెప్పకపోతే నేనేం చేయాలమ్మా, దాని మీద నేను నీళ్ళ గోలీ వేస్తిని, పిక్కలు పట్టవా మరి, ఇంకొంచెం అయితే గుండె మీదికి వచ్చేది, ఒంటికి తెలిసేది మోతాదేగాని అది చెట్టు మందా కంపెనీ మందా అన్నది కాదు, చదువు రాకపోతే అడగాలి కదా అన్నాడు. అనని అనుకున్నాను, ఇంకా అనని. అప్పుడు ఈయన సీసా చేతిలోకి తీసుకుని, మూత తీసి వాసన చూసి, మళ్ళీ మూత పెట్టాడు.

"ఆమెననకండి సార్. రెండు చెంచాలు అడిగింది నేనే."

 తిట్టు, నీకు నోరు లేదా, అందరిముందు నన్ను తిట్టు అనుకున్నాను, ఆయన తిట్టలేదు. డాక్టరు పొడి బంద్ అన్నాడు, నీళ్ళ గోలీ బంద్ అన్నాడు, పొటాషియం సిరప్ రాశాడు, వారానికొకసారి వచ్చి బీపీ చూపించుకోవాలి, పెరిగితే గోలీ ఇస్తాను, అది మోరీలో వెయ్యొద్దు అన్నాడు. మగ్గం ఎక్కుతడా సార్ అని అడిగాను. పరీక్షలు సక్కగ వస్తే నెలలోపు ఎక్కుతడు, ముందుగాల మనసు తేలికయితది చూడండి అన్నాడు.

బయటికి వచ్చి మందుల కిటికీ దగ్గర బల్ల మీద కూర్చున్నాం. నెలలోపు అన్న మాట నా చెవుల్లో తిరుగుతోంది, ఫోన్ తీసి ఆయన ముందే రాజమౌళికి చేశాను, అన్నా రేపు రాకు, ఆ జాగ ఆయనదే, ఒక నెల ఆగుతా, జంపఖానా ఆలస్యమైనా సరే అన్నాను, ఈయనకు వినబడాలని గట్టిగా అన్నాను. ఈయన విన్నాడు, తల ఊపాడు, మొహంలో ఏదో కొంచెం కదిలింది. అంతలోనే ఎడమ పిక్క పట్టేసింది, కాలు కొయ్యలా బిగుసుకుంది, బల్ల అంచు పట్టుకుని పైకి లేచాడు. నేను ఎప్పటిలాగే కిందికి వంగి మోకాళ్ళ మీద కూర్చుని కాలు అందుకోబోయాను. ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు, కోపంగా కాదు, మెల్లగా, అంత నొప్పిలో కూడా మెల్లగా. తానే వంగి రెండు చేతులతో పిక్క పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదవులు కదిలిస్తూ లెక్క పెట్టుకున్నాడు, ఒకటి, రెండు, ఒకటి, రెండు. నా చేతులు అక్కడే గాలిలో ఉన్నాయి. కిటికీ దగ్గర నిలబడ్డవాళ్ళు చూస్తున్నారు, చూడనీ. ముడి విడిపోయాక ఆయన కాలు చాపుకుని చెమట తుడుచుకున్నాడు.

"ఇగ మజ్జిగ నేనే కలుపుకుంట" అన్నాడు.

సరే అన్నాను.